వంకర కుట్లు

మైపాడులో మా ఇంటి పెట్టెలో సగం కుట్టిన బొంత ఒకటి ఏడేళ్ళుగా ఉంది. మా అమ్మ మొదలుపెట్టింది. పొరలన్నీ ఆమె కట్టి మెత్తబడ్డ వెంకటగిరి నూలుచీరలే. అది పూర్తికాకుండానే పోయింది.

ఈ ఎండాకాలం సెలవుల్లో మనవరాలితో కలిసి దాన్ని బయటికి తీశాను. పిల్ల పగలంతా కుట్టింది. కుట్లన్నీ వంకర. అది నిద్రపోయాక వాటిని విప్పేసి, అమ్మ వరసకి కలిసేలా మళ్ళీ కుట్టాను. పొద్దున్నే చూసి, "ఇది నేను కుట్టింది కాదవ్వా" అంది. ఏడవలేదు. సూది మాత్రం మళ్ళీ పట్టలేదు.

నేర్పాలంటే తప్పు చూపించాలి కదా అని సమర్థించుకున్నాను. కానీ నేను చూపించలేదే, దాచాను. పక్కన కూర్చోబెట్టుకుని విప్పితే అది నేర్పడం. నిద్రపోయాక విప్పితే ఏమంటారు?

అమ్మ పని చెడకూడదనుకున్నాను. బొంతలో కుట్టు ఉండేది పొరలు జారిపోకుండా. ఆ పని వంకర కుట్టూ చేస్తుంది. బెంగాల్లో కాంథాలు కుట్టే ఆడవాళ్ళు పాత చీరల అంచుల్లోంచి దారం లాగి, దాంతోనే ఆ చీరల్ని కలిపి కుట్టేవాళ్ళు. పాతదాన్ని చెదరనివ్వకుండా ఉంచాలన్న పట్టింపు వాళ్ళకి లేదు. నాకెందుకు? నిజం చెప్పాలంటే అమ్మ పేరు చెప్పి నా కంటికి నచ్చిన తీరుని కాపాడుకున్నాను.

నిన్న రాత్రి నా కుట్లు విప్పేశాను. పొద్దున దానికి ఆ సంగతి చెప్పి, సూదిలో దారం ఎక్కించి చాప మీద పెట్టాను. ఇంకా తీసుకోలేదు.