ముందు నీళ్లు కుదురుకోనీ



డాలస్‌లో కొత్త ఇంట్లో 75 గ్యాలన్ల రీఫ్ ట్యాంక్ పెట్టావనీ, నీళ్లు పోసి రెండు నెలలైందనీ మీ నాన్న చెప్పాడు. పిల్లలు సినిమాలోని నీమో కావాలని, నీమో ఉండే అనిమోన్ అనే సముద్రజీవి కూడా కావాలని పట్టుబడుతున్నారట. నీమో జాతి క్లౌన్‌ఫిష్ తెచ్చుకో నాన్నా, సంతోషం. అనిమోన్ మాత్రం ఇప్పుడే వద్దు. ఎందుకో చెబుతాను, విన్నాక నీ ఇష్టం.

కొత్త ట్యాంకులో అమోనియా, నైట్రైట్ సున్నాకి దిగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపకి అది చాలు, అనిమోన్‌కి చాలదు. దాని ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. వెలుతురుతో ఆ నాచు వండిపెట్టే తిండే దానికి ముఖ్యమైన ఆధారం. నీటి వేడిలోనో ఉప్పులోనో హఠాత్తుగా మార్పు వస్తే ఆ నాచును బయటికి వదిలేసి తెల్లబడిపోతుంది. అక్కడి నుంచి కోలుకోవడం కష్టం. కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది ఆగు. నీటి వేడి 77 నుంచి 79 డిగ్రీల ఫారెన్‌హీట్, ఉప్పు సాంద్రత 1.025–1.026, ఆల్కలినిటీ 8–9 dKH దగ్గర నెలల తరబడి కదలకుండా నిలిచాయంటే అప్పుడు ఆలోచించు.

ఇంకో మాట. ట్యాంకులో నీరు ఆవిరైపోతుంది గాని ఉప్పు ఆవిరి కాదు. పులుసు ఇగిరేకొద్దీ ఉప్పగా అయినట్టే ఇదీను. కాబట్టి తగ్గిన మేరకు ఆర్వో, డీఐ ఫిల్టర్లలో వడకట్టిన మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. పంపు నీళ్లు తిన్నగా పోయకు. ఊళ్లో సరఫరా చేసే నీళ్లలో క్లోరమీన్ కలుస్తుంది.

క్లౌన్‌ఫిష్ సంగతి. ట్యాంకులో బతకడానికి వాటికి అనిమోన్ అక్కర్లేదు. సముద్రంలో శత్రువుల భయం ఉంది గనుక దాని చాటున చేరతాయి. నీ ట్యాంకులో ఆ భయమేముంది? ఫారాల్లో పుట్టి పెరిగిన ఆసిలారిస్ రకం క్లౌన్‌ఫిష్ పిల్లలు రెండు చిన్నవి ఒకేసారి తెచ్చుకో. అన్నీ మగవిగానే ఎదుగుతాయి. రెంటిలో పెద్దది తర్వాత ఆడదవుతుంది, అది పోతే మిగిలిన మగది ఆడదిగా మారుతుంది. మూడోదాన్ని తెచ్చావంటే ఆ జంట దాన్ని బతకనివ్వదు.

అనిమోన్ కొనే రోజు వచ్చాక బబుల్ టిప్ రకమే ఎంచుకో. హడ్డోనీ కార్పెట్ అనిమోన్ చూడ్డానికి ఎంత బాగున్నా చేపల్ని పట్టి మింగుతుంది. మాగ్నిఫికా రకం చేయి తిరిగినవాళ్లకే. బబుల్ టిప్ ట్యాంకులోనే రెండుగా చీలి పెరుగుతుంది. అందుకే మీ ఊళ్లో రీఫ్ పెంచేవాళ్లని అడిగితే సముద్రం నుంచి తేనక్కర్లేకుండానే ఒక పిల్ల దొరుకుతుంది. ట్యాంకు బతుక్కి అలవాటుపడ్డది గనుక త్వరగా కుదురుకుంటుంది. కొనేముందు చూడు: నోరు బిగిసి ఉండాలి, పాదం చిరిగి ఉండకూడదు, తెల్లగా పాలిపోయినదాన్ని, రంగు వేసినదాన్ని ముట్టుకోవద్దు. ఒక మాట ముందే చెబుతున్నా, ఆసిలారిస్‌కి బబుల్ టిప్ సహజమైన నివాసం కాదు. వారంలో చేరవచ్చు, నెలలు పట్టవచ్చు, ఎప్పటికీ చేరకపోనూ వచ్చు. పిల్లలకి ముందే చెప్పి ఉంచు.

అసలు చిక్కు పగడాలతో, అదే మీరనే కోరల్స్‌తో. పగడం, అనిమోన్ రెండూ ఒక వంశం జీవులే, రెంటికీ కుట్టే కణాలున్నాయి. తేడా ఏమిటంటే పగడం పెట్టినచోట ఉంటుంది, అనిమోన్ నడుస్తుంది. వెలుతురు చాలకపోయినా, నీటి వాలు నచ్చకపోయినా పాదం ఊడదీసుకుని కొత్త చోటు వెతుక్కుంటుంది. దారిలో తగిలిన పగడాన్నల్లా కాల్చుకుంటూ పోతుంది. రాత్రికి రాత్రే ఖరీదైన ఆక్రోపోరా పగడపు కొమ్మ తెల్లబడిందంటే ఆశ్చర్యపోకు. అందుకని ముందు అనిమోన్‌ను దింపు, దాని చోటు అదే చూసుకోనీ. ఒకటి రెండు నెలలు కదలకుండా ఉన్నాకే పగడాలు తెచ్చి, దాని చుట్టూ జానెడుకు పైగా ఖాళీ వదులు. ఇసుక మధ్య విడిగా ఒక రాతిదిబ్బ కట్టి దానిమీద పెడితే ఇంకా మంచిది. ఇసుక దాటి రావడానికి అది అంతగా ఇష్టపడదు. కుదురుకున్నదాన్ని గోటితో పెకలించకు. పాదం చిరిగితే బతకడం కష్టం.

నడిచే జంతువుకి పంపు యముడు. నీటి పంపుల నోళ్లన్నిటికీ స్పాంజి తొడుగు. అందులో ఇరుక్కుని ముక్కలైతే నీళ్లు పాడై చేపలూ పోతాయి. నోరు వేలాడేసి, కుళ్లు వాసన కొట్టిందంటే జాలిపడి ఊరుకోకు, వెంటనే తీసెయ్.

చేపకి జబ్బు చేస్తే రాగి ఉన్న మందు ఈ ట్యాంకులో ఎన్నడూ పోయొద్దు. చేపను వేరే తొట్టిలో పెట్టి వైద్యం చెయ్. రాగి అనిమోన్‌నీ పగడాల్నీ చంపుతుంది. జొయాంథిడ్లనే పగడాల్లాంటి జీవులు ఉన్న రాళ్లను గ్లౌజులు లేకుండా పట్టుకోకు, పిల్లల చేతికివ్వకు, పొరపాటున కూడా వేడినీళ్లలో వేయకు. వాటిలో కొన్నిట్లో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకి టెక్సాస్‌లో రోజుల తరబడి కరెంటు పోయింది, గుర్తుందిగా? బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచు.

విజయవాడలో మీ నాన్నకీ ఇలాంటిదే పెట్టించాలనుకుంటున్నావట. అక్కడ లెక్క వేరు. మన దేశంలో రాతి పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1 రక్షణ ఉంది. కొనడం, అమ్మడం నేరం. మీ నాన్నకి చేపల ట్యాంకు చాలు.

అనిమోన్ ఆయుష్షు సంగతీ విను. 1828లో స్కాట్లండ్‌లో సర్ జాన్ డాలియెల్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు తీరంలో దొరికిన అనిమోన్‌ను గాజుపాత్రలో పెంచాడు. అది చల్లనీటి రకం. ఆయన 1851లో పోయాడు. అది చేతులు మారుతూ ఎడిన్‌బరోలో 1887 దాకా బతికింది, దాన్ని గ్రానీ అని పిలిచేవారు. బాగా చూసుకుంటే మనకంటే ముందు పోవలసిన అవసరం లేని జీవం ఇది.

నా మాట అడిగితే, పగడాల మీద మోజుంటే ఈ ట్యాంకు వాటికే వదిలెయ్. అనిమోన్‌కీ దాని చేపలకీ 40 గ్యాలన్లది వేరే పెట్టు. రెండూ బాగుంటాయి, నీకూ నిద్ర పడుతుంది. ఒక్కటే పెట్టగలిగితే, ఆ రెంటిలో ఏది కావాలో ఇప్పుడే తేల్చుకో. ఆ తర్వాతే డబ్బు తియ్యి.