గడ్డం గీసిన ప్రొఫెసర్

గడ్డం గీయడం చిన్న పని. సొంత గడ్డమైతే అలవాటు మీద చెయ్యి పోతుంది. ఇంకొకరి గడ్డమైతే మనసంతా బ్లేడు అంచు మీదే ఉండాలి.

హెన్రీ నౌవెన్‌కు ఆ పని 54 ఏళ్ల వయసులో వచ్చి పడింది. హాలెండ్‌లో పుట్టిన కాథలిక్ ఫాదర్ ఆయన. నోటర్‌డామ్, యేల్, హార్వర్డ్ విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పారు, పేరున్న పుస్తకాలు రాశారు. ప్రార్థన గురించి అంత చక్కగా చెబుతూనే, తన ప్రార్థన మాత్రం సరిగా సాగడం లేదని లోలోపల అనుకునేవారట.

1985లో హార్వర్డ్ వదిలేశారు. మరుసటి ఏడాది కెనడాలో, టొరంటో దగ్గరున్న డేబ్రేక్‌కు చేరారు. మేధో వైకల్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే ఇంటివాళ్లుగా బతికే చోటు అది. అక్కడ ఆయనకు ఆడమ్‌ను అప్పగించారు. పాతికేళ్ల కుర్రాడు. మాట రాదు, ఒంటరిగా నడవలేడు, మూర్ఛలు. లేపడం, మందులు వేయడం, స్నానం, గడ్డం, పళ్లు తోమడం, బట్టలు తొడగడం... పొద్దున్నే గంటన్నర పట్టేది. కాస్త ఆసరా ఇస్తే చెంచా మాత్రం ఆడమ్ తనే నోటిదాకా ఎత్తుకునేవాడు.

ఆడమ్‌కు హార్వర్డ్ అంటే ఏమిటో తెలియదు. మెప్పించడానికి వీల్లేని మనిషి ముందు అంత చదువుకున్నాయనకు ఏం మిగిలి ఉంటుంది? చేతిలో సబ్బు, గోరువెచ్చని నీళ్లు, కళ్లెదుట ఒక ముఖం. క్రీస్తు ప్రేమ యోగ్యత అడగదని ఎన్ని తరగతుల్లో చెప్పి ఉంటారో. అది ఆయన ఒంటికి తెలిసింది ఆ స్నానాల గదిలోనేనేమో.

చదువును తప్పు పట్టాలని లేదు. ఎంత వచ్చినా పక్కవాడికెంత వచ్చిందో చూడమనే గుణం మాత్రం దానికి ఉంది. ఆ గుణం గుడిలోకీ రాగలదు. ఉపవాస ప్రార్థనలో ఎన్ని రోజులు కూర్చున్నామో లెక్కపెట్టుకునే భక్తి కూడా మార్కుల జాబితాయే కదా.

హార్వర్డ్ వదిలి వెళ్లగానే నౌవెన్‌కు శాంతి దొరికిందా? లేదు. 1987 చివర్లో ఆయన తీవ్రమైన కుంగుబాటులో పడ్డారు. నెలల తరబడి డేబ్రేక్‌కు దూరంగా ఉండి, కోలుకుని, మళ్లీ అక్కడికే వచ్చారు. త్యాగం చేస్తే తృప్తి దానంతటదే వస్తుందన్న మాటను ఈ జీవితం ఒప్పుకోదు. నాకు అందుకే ఇది నమ్మదగ్గదిగా అనిపిస్తుంది.

ఆడమ్ 1996 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. అదే ఏడాది సెప్టెంబరులో నౌవెన్ కూడా పోయారు. ఆ మధ్య నెలల్లో ఆయన ఆడమ్ గురించి రాస్తూ ఉన్నారు. ఆ పుస్తకం 1997లో వచ్చింది.