లోటు, కోత, అనివార్యత : ఉన్నత విద్యావ్యయంపై ఒక నైతిక విచారణ

శక్తికి మించినదానికి ఎవరినీ బాధ్యులను చేయరాదన్నది నీతిశాస్త్రంలో ప్రాథమిక సూత్రం. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల నిధులకు కోత పడిన ప్రతిసారీ ఈ సూత్రమే మారురూపంలో వినవస్తుంది: ధనం లేదు, కనుక కోత అనివార్యం. ‘లేదు’ అన్నది స్థితి. ‘అనివార్యం’ అన్నది తీర్పు. మొదటిది నిజమైనంత మాత్రాన రెండవది సిద్ధించదు. మొదటిదే సందేహాస్పదమైన సందర్భాలూ ఉన్నాయి.

అమెరికాలోని వెస్ట్ వర్జీనియా అటువంటిదే. సామాన్యులకు ఉన్నత విద్యను చేరువ చేయడానికి 1862లో వచ్చిన మోరిల్ చట్టం ఆలంబనగా 1867లో మోర్గన్‌టౌన్‌లో నెలకొన్న అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయం, 2023లో సుమారు 4.5 కోట్ల డాలర్ల లోటును ప్రకటించింది. సెప్టెంబరులో పాలక మండలి 28 కోర్సులను, 143 అధ్యాపక పదవులను రద్దు చేసింది. ప్రపంచ భాషల శాఖను పూర్తిగా మూసివేయాలన్నది తొలి ప్రతిపాదన. భాషాబోధనకు ప్రత్యామ్నాయంగా ఆన్‌లైన్ యాప్ ప్రస్తావన కూడా వచ్చింది! నిరసనల అనంతరం స్పానిష్, చైనీస్ బోధన మాత్రం కొంత మిగిలింది. ఆ జూన్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో రాష్ట్ర ఖజానాకు సుమారు 180 కోట్ల డాలర్ల మిగులు ఉంది. ఆదాయపు పన్ను రేట్లను 21.25 శాతం తగ్గిస్తూ శాసనసభ చట్టం చేసినదీ ఆ సంవత్సరమే.

లోటు విశ్వవిద్యాలయానిది, మిగులు రాష్ట్రానిది. ఒకే ప్రజల సొమ్మును రెండు ఖాతాలుగా విడదీసి చూపినప్పుడే ‘అనివార్యం’ అనే మాట నిలబడుతుంది. పన్ను తగ్గింపును సమర్థించవచ్చు. కాని అది ఎంపిక అని ఒప్పుకొన్న తరువాతనే సమర్థించాలి.

దీనికి బలమైన ఆక్షేపం ఒకటి ఉంది. 2015 తరువాత అక్కడ విద్యార్థుల సంఖ్య సుమారు 10 శాతం తగ్గింది. భాషలను ప్రధానాంశంగా ఎంచుకొనేవారు స్వల్పం. పేద రాష్ట్రంలో శ్రామికుడు కట్టే పన్నుతో కొద్దిమంది చదివే శాఖను పోషించడం న్యాయమా? ఈ ప్రశ్నను పండితాభిమానంతో తోసిపుచ్చలేము. అయితే శాఖ మూతపడితే కలిగినవారి బిడ్డ మరో రాష్ట్రంలో ఆ చదువు చదువుకుంటాడు. ఊరు విడిచి వెళ్ళే స్తోమత లేని శ్రామికుని బిడ్డకే ఆ దారి మూసుకుపోతుంది. శ్రామికుని పేరిట చేసిన వాదం అతని ఇంటికే ఎదురు తిరుగుతోంది.

అప్పటికే చేరిన విద్యార్థులు చదువు పూర్తిచేసుకొనే ఏర్పాటు జరిగింది. వారికి పేర్లున్నాయి, వారు నిరసన తెలపగలిగారు. పదేళ్ళ తరువాత రావలసిన విద్యార్థి ఇంకా చేరలేదు కనుక, నష్టపోయినవాడిగా ఏ లెక్కలోనూ కనిపించడు.