విడిచిపోవలసిన పెరటిలో పారిజాతము

తనది కాని నేలలో మొక్క నాటినవానికి దానిపై హక్కు కలదా? ఖరగ్‌పూరులో గోల్‌బజారు చుట్టునున్న రైల్వే క్వార్టర్లవారికి ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు. 19వ శతాబ్దపు చివర బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడికి వచ్చినది మొదలు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగువారు పనికై తరలివెళ్లిరి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడెను. ఇంటి నియమము మాత్రము మారలేదు. ఉద్యోగమున్నంతకాలమే క్వార్టరు. పదవీవిరమణ తరువాత తాళపుచెవి అప్పగించవలసినదే.

అట్టి పెరటిలో పారిజాతము నాటుట తెలివియేనా? తెలుగువారి పారిజాతమే బెంగాలీవారి షియులి. పశ్చిమ బెంగాలునకు అది రాష్ట్రపుష్పము. శరత్కాలపు రాత్రి విచ్చి, తెల్లవారువేళకు నారింజవన్నె కాడతో నేలరాలును. పువ్వు ఆయువు ఒక్క రాత్రియే గాని మొక్క గట్టిది. బిళ్లవంటి ఎండుకాయలో రెండు గింజలుండును. వానకాలపు ఆరంభమున విత్తవచ్చును. లేదా పెన్సిలు లావు కొమ్మను జానెడు కోసి, అడుగు ఆకులు తీసి, ఇసుక కలిపిన మట్టిలో నీడపట్టున గ్రుచ్చవచ్చును. అన్నియు వేరూనవు గనుక నాలుగైదు గ్రుచ్చుట మేలు. ఖరగ్‌పూరు ఎఱ్ఱని కంకరనేలలో చివికిన ఆకుల ఎరువు ధారాళముగా కలుపవలెను. మొదట నీరు నిలువనీయరాదు. గింజమొక్క పూయుటకు ఏండ్లు పట్టును.

పెంచినవాడను గనుక పెకలించుకొనిపోవుదుననువాడు ఒకడుండును. శ్రమ అతనిదే, కాదనరాదు. అయితే వేళ్లు తెగిన ముదురుచెట్టు బ్రతుకుట కష్టము. అతనికిని దక్కదు, తరువాత వచ్చువానికిని దక్కదు. ఇందులో మమతకంటె అసూయ పాలే ఎక్కువ. కొమ్మ కోసికొనిపోవువాని మార్గము వేరు. తల్లిమొక్కకు లోటు లేదు, క్రొత్త ఊరిలో అదే పువ్వు.

కాని ఏమియు కోల్పోక ఇచ్చినది దానమగునా? కొమ్మ ఇచ్చుటకు ఖర్చు లేదు, నిజమే. ఖర్చంతయు ముందే జరిగినది: వేసవి సాయంకాలములలో మోసిన బిందెలు, పూయునో పూయదోయని గడచిన ఏండ్లు. ఉద్యోగపు చివరి వానకాలమున, పూత తాను చూడబోనని ఎరిగియు గింజ విత్తువాని సంగతి మరింత కఠినము. బబులోను చెరలోనున్నవారికి యిర్మీయా పంపిన లేఖ తోటలు వేసికొనుమన్నది. ఆ ఫలములు తినువారును వారే. 70 సంవత్సరముల పిమ్మట ఆ తోటలు ఎవరికి మిగులునో లేఖ చెప్పలేదు. విశ్రాంతి పొందబోవు ఉద్యోగికి ఆ ఫలమును లేదు. నాటుమని అతనిని నిర్బంధింపజాలరు; నాటనందుకు నిందింపను రాదు. అయినను కొందరు నాటుదురు. తరువాత వచ్చిన కుటుంబము, ఆశ్వయుజమాసపు ఉదయమున రాలిన పూలు ఏరుకొనుచు, దానిని షియులి అనియే పిలుచును.