తల తిరుగువారిని గూర్చి

నెలల తరబడి తల తిరుగుచున్నదను సహోదరిని చూచి, "ఇది మనోభ్రమ, విశ్వాసము చాలదు" అని నీవెన్నడైన అంటివా? నేనంటిని.

తల తిరుగుటకు లోపలి చెవి కారణము కావచ్చునని ప్రాస్పర్ మెనియేర్ అను ఫ్రెంచి వైద్యుడు 1861లోనే చూపెను. అయితే చెవి బాగుపడినను కొందరికి ఆ తూలుట మానదు. పడిపోదుమేమోయను భయముతో అడుగడుగునను తమ్మును తామే కనిపెట్టుకొందురు. ఆ కనిపెట్టుటయే తూలుటను పెంచును. నూతికి, సంతకు, ఆరాధనకు పోవుట మానుదురు. ఒంటరితనము భయమును ఇంకను ముదిరించును. పరీక్షలో ఏమియు దొరకనంత మాత్రాన ఆ బాధ అబద్ధమగునా? వైద్యులైతే తల కదలికను, నడకను క్రమముగా అలవాటుచేయు వ్యాయామములు నేర్పుదురు. భయమును గూర్చి మాటలాడనిత్తురు.

మొన్న ఆదివారము నా భార్య ఆమెను వెంటబెట్టుకొని గుడికి నడిచెను. దారిలో రెండు చోట్ల నిలిచిరట.