గడ్డం తీసేసిన బొమ్మ

ప్రాగ్ నగరంలో పాత టౌన్‌హాలు గోడకి 1410 నాటి ఖగోళ గడియారం ఉంది. సూర్యచంద్రుల స్థానాలూ, రాశులూ, సూర్యాస్తమయం నుంచి లెక్కపెట్టే పాత చెక్ కాలమానమూ అన్నీ దానిమీద కనిపిస్తాయి. కింద గుమిగూడే యాత్రికులు మాత్రం ఎదురుచూసేది బొమ్మల కోసం. పగలు గంటగంటకీ అస్థిపంజరం తాడు లాగి గంట కొడుతుంది. పైకిటికీల్లో పన్నెండుమంది అపొస్తలులు వరసగా కనిపించి వెళ్తారు. అద్దం చూసుకునే గర్విష్ఠి, డబ్బుసంచి పట్టుకున్న లోభి, భోగలాలసకి గుర్తుగా నిలబెట్టిన తురుష్కుడు చావుని ఒప్పుకోమన్నట్టు తల అడ్డంగా ఊపుతారు.

ఈ లోభి ఒకప్పుడు గడ్డమున్న యూదు వడ్డీవ్యాపారి. 1945 మేలో నాజీల దాడిలో దెబ్బతిన్న గడియారం 1948లో మళ్లీ నడిచింది. యుద్ధం తర్వాత అతని గడ్డం తీసేశారు.

అది తప్పని నేననను. శిబిరాల నుంచి ప్రాణాలతో తిరిగొచ్చిన కొద్దిమంది, తమ ఊరి నడిబొడ్డున అదే వెక్కిరింపుని గంటగంటకీ ఎందుకు భరించాలి? కళాఖండాన్ని ముట్టుకోకూడదనే వాదన, తరచుగా ఆ కళలో అవమానం పొందనివాళ్ల నోటినుంచే వస్తుంది. స్త్రీలుగా మనకిది కొత్త కాదు. అయితే గడ్డంతోపాటు ఒక సాక్ష్యం కూడా పోయింది. తన పొరుగువాళ్లని ఆ నగరం ఏ కళ్లతో చూసిందో ఇప్పుడా బొమ్మ చెప్పదు. అవమానం పొందినవాళ్లకి కొంత ఊరట దొరికింది. అవమానించినవాళ్లకి అంతకంటే పెద్ద ఊరట దొరికింది.

అక్కడికి కొద్ది నిమిషాల నడకలో పింకస్ అనే యూదు ప్రార్థనాలయం ఉంది. నాజీల చేతిలో చనిపోయిన దాదాపు 80 వేలమంది చెక్ యూదుల పేర్లు దాని గోడలనిండా రాసి ఉన్నాయి. 1968లో దాన్ని మూసేశాక ఆ పేర్లూ గోడలమీద లేకుండా పోయాయి. 1992-96 మధ్య మళ్లీ రాశారు. వెక్కిరింపుని చెరపడమూ, పేరుని చెరపడమూ ఒకటి కాదు. కానీ ఏది చెరిపారో చెప్పే గుర్తు మిగలకపోతే, రెంటినీ వేరుచేసి చూడటం తర్వాతి తరానికి కష్టమవుతుంది.

మన సుమతీ శతకంలో స్త్రీలని నమ్మరాదని చెప్పే పద్యాలున్నాయి. పసిపిల్లల పుస్తకాల్లో వాటికి చోటివ్వకపోవడం న్యాయమే. శతకంలోంచే వాటిని తీసేసి అచ్చువేస్తే? తరాల తరబడి నీతి పేరుతో బట్టీ పట్టించినదాంట్లో ఏం విషం కలిసి ఉందో రేపటి పరిశోధకురాలు దేన్ని చూపించి మాట్లాడుతుంది? ఆధారం లేని కోపం అంటూ ఆమెని తోసిపారెయ్యడం అప్పుడెంత తేలిక!

మార్చాల్సినవి మార్చాల్సిందే. మార్చినచోట ఏముండేదో, ఎందుకు తీశారో పక్కనే రాసిపెట్టాలి. ఇంకో సంగతి. లోభి ముఖం మారింది, తురుష్కుడు మాత్రం నేటికీ అలాగే తల ఊపుతున్నాడు. ఎవరి అవమానం సవరించదగిందిగా కనిపిస్తుందో, ఎవరిది వినోదంగా మిగిలిపోతుందో నిర్ణయించేదెవరన్నదీ మనం అడగాల్సిన ప్రశ్నే.