నిర్జల వ్రతము – వృక్కముల ధర్మము

ఉపవాసదినమున జఠరమునకు విశ్రాంతి కలుగును. వృక్కములకు మాత్రము ఏకాదశి లేదు. నడుమునకు పైభాగమున, వెన్నెముకకు ఇరుప్రక్కల, చిక్కుడుగింజ ఆకృతిలో పిడికెడంతగా నుండు ఈ రెండు అవయవములనే వాడుకలో మూత్రపిండములందుము. హృదయము వెలువరించు రక్తములో సుమారు ఐదవవంతు నిరంతరము వీనిలోనికి ప్రవహించుచుండును. ఒక్కొక్కదానియందు దాదాపు 10 లక్షల సూక్ష్మనాళికలు కలవు. అవి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, నూటికి 99 పాళ్లు తిరిగి రక్తమునకే చేర్చి, ఒకటిన్నర లీటరు మాత్రము మూత్రముగా విడుచును.

ఇందొక విశేషము కలదు. వృక్కము మాలిన్యమును వెదకి వెదకి తీసివేయదు. రక్తకణములను, పెద్ద మాంసకృత్తులను నిలిపి, వడగట్టిన ద్రవమునెల్ల ముందు వెలికి విడుచును; పిమ్మట అందుండి చక్కెరను, లవణములను, నీటిని దేహమునకు వలసినంత మరల స్వీకరించును. త్యాగము ముందు, స్వీకారము వెనుక! చరకసుశ్రుతులు వృక్కములను మేదోవహస్రోతస్సులకు మూలముగా చెప్పిరి గాని ఈ వడపోతను చెప్పలేదు. నేటివారు కనుగొన్నదానిని పూర్వుల కంటగట్ట నక్కరలేదు. వారి గౌరవమునకు అందువలన లోటు రాదు.

దేహమున నీరు తగ్గినపుడు మెదడునుండి ఒక స్రావము రక్తమున కలిసి వృక్కములను చేరును. అంతట నవి నీటిని పొదుపుచేసి మూత్రమును చిక్కబరచును. ఆరోగ్యవంతుడు ఒక దినము నిర్జలముగా నుండగలుగుట ఈ పొదుపు చలువయే. అయినను మాలిన్యమును కరగించి పంపుటకు ఇంచుమించు అరలీటరు నీరు వ్యయము గాక తప్పదు. వార్ధక్యమున ఈ శక్తియు, దప్పికయు రెండును సన్నగిల్లును. కావున "దాహము లేదు, నీరు వద్దు" అను వృద్ధుల మాటను నమ్మి ఊరకుండరాదు.

జ్యేష్ఠ శుద్ధ ఏకాదశినాడు ఎండలో క్షేత్రమునకు నడచివచ్చిన వృద్ధురాలు నీరు త్రాగినచో వ్రతభంగమగునా? వ్రతమును చెరుపని ఎనిమిదింటిని లెక్కించుచు పెద్దలు నీటిని మొదటను, ఔషధమును చివరను పేర్కొనిరి. నిర్జలమని విధించినచోట నీటికి తావెక్కడిదని ఆక్షేపింపవచ్చును. కాని ఆ వ్రతము పుట్టినదే ప్రతి ఏకాదశికిని ఆకలి కోర్వజాలని భీమునికొరకు. వ్యాసులవారు అతని దేహస్థితిని చూచియే ఉపదేశించిరి. అశక్తునికి శాస్త్రము విధింపనిదానిని పట్టుదలతో చేయుట తపస్సు గాదు. అట్లు దేహమును వేధించుట అందున్న అంతర్యామిని వేధించుటయే యని గీత పదునేడవ అధ్యాయమున భగవదభిప్రాయము. దేహము భగవచ్ఛేషమని నమ్మిన మనకు దానిని చెరచు అధికారమెక్కడిది?

వృక్కములు అప్పటికే చెడినవారి సంగతి వేరు. వారికి నీరే భారమై కాళ్లకు వాపు, ఊపిరికి ఆయాసము తెచ్చును. వైద్యుడు చెప్పిన కొలతయే వారికి నియమము. వారికి తీర్థము ఉద్ధరిణెడు చాలును. పులిహోర కణమాత్రము స్వీకరించినను ప్రసాదమే. కొబ్బరినీటియందు పొటాషియము హెచ్చు. చెడిన వృక్కములు దానిని వెలికి పంపలేకపోగా అది గుండె లయను దెబ్బతీయును. కొబ్బరికాయ కొట్టి ఆ నీటిని ఆప్యాయముగా చేతికిచ్చువారు, అట్టి జబ్బున్నదేమో ఒక్కమాట అడిగి ఇత్తురుగాక.